స్పీడు పెంచండి, కోచ్‌గారూ

"ఒట్టి కాళ్ళతో నీళ్ళ మీద నిలబడతారా?" అని అడిగింది చెవి డాక్టర్.

"నిలబడతానండీ. ముందు బోటు లాగుతూ ఉంటుంది. తాడు పట్టుకుని వెనకాల నేను."

"కాళ్ళకి స్కీ పలకలు లేకుండా?"

"చెప్పులు కూడా ఉండవండీ."

ఆమె అతని ఎడమ చెవిలోంచి లైటు తీసేసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"నా దగ్గరికి చెవుల్లో రకరకాలవి పెట్టుకుని వస్తారు. బఠాణీలు, పూసలు, పెన్సిల్ ముక్కలు. నా చెవిలో పువ్వు పెట్టడానికి వచ్చింది మాత్రం మీరొక్కరే."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"కర్ణభేరికి చిల్లు పడింది. అంత వేగంగా పోతూ నీళ్ళకి చెవి కొట్టుకుంటే పడక ఏమవుతుంది? అది పూడేదాకా నీళ్ళలోకి దిగొద్దు."

"వచ్చే నెల పోటీలున్నాయండీ."

"ఉండనివ్వండి. వాటిలో మీరుండరు."

అతను ఊరి చివర సరస్సులో ఈ బేర్‌ఫుట్ స్కీయింగ్ నేర్పే కోచ్. ఏడాది పొడుగునా ఆ పోటీల మీదే ప్రాణం పెట్టుకున్నాడు. ఒక్క మాటతో ఆమె దాన్ని కొట్టిపారేసేసరికి చిర్రెత్తుకొచ్చింది.

"మీకేమండీ, ఏసీ గదిలో కూర్చుని దిగొద్దని చెప్పేస్తారు. ఒక్కసారి నీళ్ళ మీద నిలబడి చూడండి. అప్పుడు చెప్పండి మానెయ్యమని."

అనేశాక తనే నాలిక కరుచుకున్నాడు. ఆమె మాత్రం తాపీగా మందుచీటీ రాసి చేతికిచ్చింది.

"ఎన్నింటికి రావాలి?"

"ఎక్కడికండీ?"

"సరస్సు దగ్గరికి. నిలబడి చూడమన్నారుగా."

నిజంగా వస్తుందని అతను అనుకోలేదు. ఆదివారం పొద్దున్నే, గాలి లేవకముందే, నీళ్ళు ఇస్త్రీ చేసిన దుప్పటిలా పరుచుకుని ఉన్నప్పుడు ఆమె వచ్చింది. చెవులకి ప్లగ్గులు, వాటి మీద రబ్బరు టోపీ సొంతంగా తెచ్చుకుంది.

బోటులో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. బోటు నడిపే కోచ్ ముందుకు చూడాలి కాబట్టి, పడిపోయినవాళ్ళని కనిపెట్టి జెండా ఎత్తడానికి ఇంకొకరు కావాలి. ఆ ఉద్యోగం కోచ్ నాయనమ్మది.

"ఈతొచ్చామ్మా?" అంది నాయనమ్మ.

"వచ్చండి మామ్మగారూ."

"పెళ్ళయిందా?"

"నాయనమ్మా," అన్నాడు కోచ్, పళ్ళ బిగువున.

"లైఫ్ జాకెట్ సైజు కోసం అడిగాన్రా."

బోటు పక్కనుంచి నీళ్ళ మీదికి ఒక ఇనప గడ చాచి ఉంది. కొత్తవాళ్ళు తాడు జోలికి పోకుండా ముందు ఆ గడ పట్టుకునే నేర్చుకుంటారు. వీపు వైపు మెత్తలు కుట్టిన రబ్బరు సూటు వేసుకుని ఆమె గడకి వేలాడింది.

"ముందు వెల్లకిలా జారతారు," అన్నాడు కోచ్. "బోటు వేగం అందుకున్నాక లేచి నీళ్ళ మీదే కూర్చుంటారు. అప్పుడు మడమలు మెల్లగా ఆనించాలి, నిద్రపోయిన పసిపిల్లని పక్క మీద దించినట్టు. మోకాళ్ళు వంచే ఉంచాలి. కాలివేళ్ళు పైకి. వేళ్ళు కిందికి వంగాయా, పిల్లిమొగ్గే."

"చూపు?"

"దూరంగా గట్టు మీద. కాళ్ళకేసి చూస్తే తల వంగుతుంది. తల వెనకాలే మీరూ."

ఆమె కాళ్ళకేసే చూసింది. పిల్లిమొగ్గ వేసింది. నాయనమ్మ జెండా ఎత్తింది.

తేలాక మొహం మీది నీళ్ళు తుడుచుకుంటూ, "వేళ్ళు వంచాను కదూ?" అంది.

"వంచారు."

"మళ్ళీ పోనివ్వండి."

అలా మొదలైంది. బుధవారాలు క్లినిక్ కుర్చీలో అతను, ఆదివారాలు నీళ్ళలో ఆమె. అక్కడ ఆమె కదలొద్దనేది, ఇక్కడ అతను మోకాళ్ళు వంచమనేవాడు. చెవిలో మందు వేస్తూ ఆమె, "మడమ ఏ కోణంలో ఆనాలి?" అని అడిగేది. సూటు జిప్పు లాక్కుంటున్న ఆమెని అతను, "చిల్లు ఎంత పూడిందంటారు?" అని అడిగేవాడు. గడ పట్టుకున్నవాళ్ళు బోటు పక్కనే ఉంటారు కాబట్టి ఓరకంట చూడడం కోచ్ పనిలో భాగమే. అతను ఆ పని చాలా శ్రద్ధగా చేసేవాడు.

ఒక్కటే చిక్కు. ఆమెకి జారడం వచ్చింది, కూర్చోవడం వచ్చింది, మడమలు ఆనించడమూ వచ్చింది. లేవబోయేసరికి మాత్రం పాదాలు నీళ్ళలోకి దిగబడిపోయేవి. ఆమె కంటే చాలా వెనక చేరిన బ్యాంకు ఆఫీసరు, బొజ్జతో సహా, రెండో వారానికే నిలబడి చెయ్యి ఊపాడు.

ఆ రోజు ఆమె బోటు అంచున కూర్చుని పాదాలు తుడుచుకుంటూ, "నాకు చేతకాదేమోలెండి," అంది.

నాయనమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"నీకు చేతకాక కాదే తల్లీ. వీడికి చెయ్యి రావట్లేదు. స్పీడు చూపించే ఈ ముల్లు ఉంది చూడు, మెడ తిప్పి చూస్తూనే ఉన్నా, బ్యాంకాయనకి ఇక్కడిదాకా వస్తుంది. నీ వంతు వచ్చేసరికి ఇదిగో, ఇక్కడే చతికిలబడుతుంది."

ఆమె కోచ్ వైపు చూసింది. అతను తాడు చుట్టడంలో మునిగిపోయాడు.

"స్పీడు చాలకపోతే పాదాలు మునుగుతాయని మీరే చెప్పారు కదండీ."

"చెప్పానండీ."

"అంటే ఇన్నాళ్ళూ నేను నిలబడకుండా మీరే చూస్తున్నారన్నమాట. పేషెంటుకి నొప్పి పుడుతుందని నేను సూది సగమే పొడిచి ఊరుకుంటానా? నా వల్ల కాదనుకుంటే మొదటి రోజే చెప్పాల్సింది."

సమాధానం కోసం ఆగలేదు. తడి సూటుతోనే కారెక్కి వెళ్ళిపోయింది. తరవాతి ఆదివారం రాలేదు. నాయనమ్మ జెండా ఒళ్ళో పెట్టుకుని ఖాళీ గడకేసి చూస్తూ, "నిజం చెబితే నిష్ఠూరం," అని గొణుక్కుంది.

బుధవారం క్లినిక్‌లో ఆమె నోటినుంచి వచ్చింది ఒకే మాట.

"తల తిప్పండి."

అతను తిప్పాడు. గోడకి తగిలించిన చెవి బొమ్మ ఎదురుగా కనిపించింది. మనిషి మొహం చూస్తూ చెప్పలేని మాట చెవి బొమ్మకి చెప్పడం తేలికనిపించింది.

"మీ వల్ల కాదని ఎప్పుడూ అనుకోలేదండీ. బ్యాంకాయన పడితే నాకు నవ్వొస్తుంది. మీరు పడితే గుండె జారిపోతుంది. ఇంకాస్త వేగంలో పడితే ఇంకా గట్టిగా తగులుతుంది కదా అని, చెయ్యి ముందుకు పోదు. అంతే."

చెవిలో లైటు కదలకుండా ఆగిపోయింది. ఆమె, "తల తిప్పండి," అంది మళ్ళీ.

"తిప్పే ఉందండీ."

"అలాగే ఉంచండి. ఇప్పుడు నా మొహం చూడకండి."

ఆదివారం ఆకాశం మబ్బేసి ఉంది. గాలి లేదు గాని సన్నగా తుంపర పడుతోంది. ఆమె సూటు వేసుకుని వచ్చి నిలబడింది.

"బోటు స్పీడుకి చినుకులు మొహానికి సూదుల్లా గుచ్చుకుంటాయండీ," అన్నాడు కోచ్. "ఇవాళ వద్దు."

"సూదులు నాకు కొత్తేం కాదు. స్పీడు పెంచండి, కోచ్‌గారూ. నేను పడితే పడతాను. మీరు మాత్రం చెయ్యి తియ్యకండి."

బోటు కదిలింది. ఆమె జారింది, కూర్చుంది, మడమలు ఆనించింది. అతని చెయ్యి ఎప్పుడూ ఆగే చోట ఆగబోయింది. ఓరకంట చూశాడు. ఆమె కాళ్ళకేసి చూడడం లేదు, అతనికేసీ చూడడం లేదు. దూరంగా గట్టుకేసి చూస్తోంది. అతను స్పీడు లివరు ముందుకి నెట్టాడు.

నీళ్ళు గట్టిపడ్డాయి. ఆమె అరికాళ్ళ కింద అవి తారు రోడ్డులా గరగరమన్నాయి. మోకాళ్ళు వంచి, వేళ్ళు పైకెత్తి, కుర్చీలోంచి సగం లేచినట్టు ఆమె లేచింది. రెండు పాదాల నుంచీ తెల్లటి నీటి తెరలు విచ్చుకున్నాయి. వాన మొహాన కొడుతుంటే కళ్ళు చికిలిస్తూ, చిన్నపిల్లలా నోరంతా తెరిచి నవ్వింది.

ఆ నవ్వులోనే పట్టు తప్పి దబ్బున పడింది.

నాయనమ్మ జెండా ఎత్తేలోగానే అతను బోటు తిప్పేశాడు. ఆమె వెల్లకిలా తేలుతూ వానకి మొహం అప్పగించి ఉంది.

"తగిలిందా?"

"బాగా తగిలింది," అంది ఆమె. "ఏం హాయిగా ఉందండీ. దీన్ని మానెయ్యమని మీకెలా చెప్పగలిగాను?"

"చెప్పి మంచిపని చేశారు. పోటీలు వచ్చే ఏడూ ఉంటాయి."

అతను చెయ్యి అందించాడు. బోటులోకి ఎక్కాక కూడా ఆమె ఆ చెయ్యి వదలలేదు. నాయనమ్మ తన ఉద్యోగ ధర్మాన్ని పక్కనపెట్టి, మొదటిసారి ముందుకి తిరిగి కూర్చుంది.

చెవి చిల్లు ఆ తరవాత కొన్ని వారాలకి పూర్తిగా పూడింది. ఆమె లైటు ఆర్పి పెట్టేసింది.

"ఇక నీళ్ళలోకి దిగొచ్చు."

అతను సంతోషించాలి. అయినా కుర్చీలోంచి లేవలేదు.

"అయితే బుధవారాలు రానక్కర్లేదా?"

"పేషెంటుగా అక్కర్లేదు."

"మరి ఎలా రావాలి?"

ఆమె చేతులు కడుక్కుని, తువాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది.

"క్లినిక్‌కి కాదు. ఇంటికి రండి. శనివారం సాయంత్రం అమ్మానాన్నా ఇద్దరూ ఉంటారు. నేను నీళ్ళ మీద నిలబడ్డానంటే నాన్న నమ్మట్లేదు, సాక్షిని పట్టుకు రమ్మన్నారు. మామ్మగారిని కూడా తీసుకురండి."

"నాయనమ్మని అడిగి చెబుతానండీ," అంటూ అతను తలుపు తీశాడు.

బయట బెంచీ మీద నాయనమ్మ చేతిసంచీ సర్దుకుంటోంది.

"శనివారం నాకు ఖాళీయేరా," అంది.