మిషను తొక్కినందుకు కాదు

రక్తపరీక్ష కాగితాలతో వచ్చిన నర్సమ్మ గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. నిలబడి చెప్పేసి వెళ్ళిపోయే మాటైతే ఆవిడ కూర్చోదు. ఆ కుర్చీ చప్పుడుకే టైలరమ్మ కుట్టు మిషను ఆపి లేచింది.

ఆ వీధిలో పన్నెండు మందికి రక్తం తీశారు. అందరికన్నా ఎక్కువ సీసం టైలరమ్మ చిన్న కూతురి రక్తంలో ఉందట. ఇరవై నాలుగేళ్ళ పిల్ల... కానీ మనసుకు ఆరేళ్ళు దాటలేదు. పిట్టంత మనిషి కాబట్టి అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. పొద్దస్తమానం పెరట్లో కూర్చుని మట్టితో ఇళ్ళు కడుతుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. ఆ పెరటి గోడకు అవతల, పదకొండేళ్ళ క్రితం మూతపడిన ఫ్యాక్టరీ ఉంది. పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి దిమ్మలు పోసేవాళ్ళు అక్కడ. ఇప్పుడా స్థలంలో ఊరి చెత్తంతా కాల్చే ప్లాంటు కట్టాలని మునిసిపాలిటీ పట్టుపట్టింది. వద్దన్న వాళ్ళు గోల చేస్తే ఈ రక్తపరీక్షలు వచ్చాయి.

ఇంట్లో ఎవరైనా ఆ ఫ్యాక్టరీలో పని చేశారా అని నర్సమ్మ అడిగింది. మా ఆయన పదహారేళ్ళు సీసం కరిగించే బట్టీ దగ్గర మేస్త్రీగా చేశారని చెప్పింది టైలరమ్మ. మరి ఆయన బట్టలు ఎక్కడ ఉతికేవారు అని నర్సమ్మ మళ్ళీ అడిగింది.

"ఇక్కడే, ఇంట్లోనే. ఆ బట్టలు దులిపితే పిండిలా రాలేది. ఇది కడుపులో ఉన్నప్పుడూ నేనే ఉతికాను, పుట్టాక కూడా... దీన్ని పక్కన పడుకోబెట్టుకునే ఉతికేదాన్ని," అంది టైలరమ్మ.

నర్సమ్మ రాయడం ఆపేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఇదే కారణమని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరమ్మా అంటూనే, కడుపులో బిడ్డకు, పాలుతాగే బిడ్డకు ఆ దుమ్ము ఏం చేస్తుందో మెల్లగా విడమరిచి చెప్పింది. వెళ్తూ వెళ్తూ టైలరమ్మ చెయ్యి నొక్కి వెళ్ళింది.

ఆవిడ వెళ్ళిపోయాక టైలరమ్మ మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఆమె చెవుల్లో చచ్చిపోయిన అత్తగారి గొంతు మోగుతోంది. కడుపుతో ఉండి కూడా కాలు కుదురుగా పెట్టుకోలేకపోయావు, మిషను తొక్కీ తొక్కీ నా మనవరాలి బుర్ర కదిలించేశావు... ఆ మాట అత్తగారు వచ్చేపోయే వాళ్ళందరి ముందూ అన్నది, మంచాన పడ్డాక కూడా అన్నది. అనగా అనగా టైలరమ్మే నమ్మేసింది! రెండేళ్ళు మిషను ముట్టుకోలేదు. ఇల్లు గడవక మళ్ళీ తొక్కినప్పుడల్లా పిచ్చుక వైపు చూసి లోలోపల క్షమాపణ చెప్పుకుంది. పెద్ద కూతురు చురుగ్గా చదువుకుంటుంటే సంతోషపడటానికి కూడా భయపడింది. పెద్దది పుట్టినప్పుడు ఆయన బట్టీ దగ్గర కాదు, గేటు దగ్గర తూకం వేసేవాడన్న సంగతి ఇప్పుడే తట్టింది ఆమెకు.

మధ్యాహ్నం మేస్త్రీ ఇంటికొచ్చాడు. వెంట అల్లుడు కూడా ఉన్నాడు. అల్లుడు మునిసిపాలిటీ చెత్త లారీ నడుపుతాడు. ప్లాంటు వస్తే అతని ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఎల్లుండి స్కూలు హాల్లో జరిగే సభలో, ఆ నేలలో ఏమీ లేదని మామయ్య ఒక్క మాటంటే చాలు, పాత మేస్త్రీ మాట ఊరు నమ్ముతుందని పొద్దున్నుంచీ బతిమాలుతున్నాడు. టైలరమ్మ మొహం చూసి ఏదో జరిగిందని పసిగట్టి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

టైలరమ్మ కాగితాలు భర్త ముందు పెట్టింది. ఆయన చదవలేదు. చదవకుండానే తల దించుకున్నాడు. 

"మీకు తెలుసా?"

ఆయన ఆ కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

"మీకు ముందే తెలుసా అని అడుగుతున్నాను."

"పిల్లకు మూడేళ్ళప్పుడు ఫ్యాక్టరీ డాక్టరు చెప్పాడు. మాటలు రావడం లేదంటే తీసుకెళ్ళి చూపించాను కదా... నీ బట్టల మీద దుమ్మే అయ్యుంటుందయ్యా, ఇకనుంచి ఇక్కడే స్నానం చేసి వెళ్ళు అన్నాడు. స్నానాల గదికి అప్పటికే తాళం వేసేశారు. తాళం తియ్యమని అడిగితే, ఇష్టం లేకపోతే పని మానేసి పొమ్మన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆ పనికి పోనివ్వవు. ఇంకో పని చేతకాదు నాకు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే..."

"మీ అమ్మ నన్ను అంటున్నప్పుడు మీరు ఇదే గదిలో ఉన్నారు," అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు. "కంచం ముందు కూర్చుని తింటూ విన్నారు. ఆవిడ పోయేదాకా విన్నారు. ఒక్కసారి... అది కాదమ్మా అని ఒక్కసారి అనలేకపోయారా?"

మేస్త్రీ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. సీసం పీల్చి పీల్చి ఎప్పుడూ వణికే చేతులవి.  ఏడుస్తూనే మిగతాది కూడా చెప్పేశాడు. సీసం తీశాక మిగిలిన బూడిద, చిట్టెం బయట పారబోస్తే పట్టుకుంటారని, యజమాని వెనక గోడ పక్కన గోతులు తవ్వించాడట. మొత్తం పద్దెనిమిది గోతులు. వాటిని పూడ్పించింది మేస్త్రీయే. ఆ గోడకు ఇవతలే పిచ్చుక మట్టి ఇళ్ళు కడుతోందని తెలిసీ, నోరు విప్పితే పాతవన్నీ బయటికొస్తాయని, లోపలికి రావే తల్లీ అని పిలవడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాడు.

ఆయన కాళ్ళ మీద పడబోతే టైలరమ్మ వెనక్కి జరిగింది. ఇరవై ఏళ్ళుగా ఆమె లోపల గడ్డకట్టినదంతా ఒక్కసారిగా కరిగి పొంగింది... కానీ కన్నీరుగా రాలేదు.

"ఈ గదిలో నాకు క్షమాపణ వద్దు. నన్ను నలుగురి ముందు అన్నారు. మీరూ నలుగురి ముందే చెప్పండి. ఆ గోతుల సంగతి కూడా."

మర్నాటికి ఈ సంగతి తెలిసి పెద్ద కూతురు వచ్చి తల్లిని పట్టుకుని ఏడ్చింది. నాన్న నోరు విప్పితే మా సంసారం రోడ్డున పడుతుందమ్మా, చెల్లికి జరిగింది ఎలాగూ వెనక్కి రాదు కదా అంది. ఆ మాట నిజమే.  టైలరమ్మ కూతురి తల నిమిరింది, అంతే.

సభకు ఊరు ఊరంతా వచ్చింది. ప్లాంటు వద్దన్న వాళ్ళు పొగ గురించి, ఊపిరితిత్తుల గురించి మాట్లాడారు. కావాలన్న వాళ్ళు ఊరి చివర చెత్తగుట్ట ఎలాగూ రోజూ తగలబడుతోందని, దాని పొగ ఎవరు పీలుస్తున్నారని అడిగారు. అల్లుడు కూడా లేచి, మీ చెత్త మీ గుమ్మంలోంచి కనబడకుండా పోతే చాలనుకుంటారు, అది ఎక్కడికి పోతుందో మోసుకెళ్ళే నన్ను అడగండి అన్నాడు. చాలామంది తలలూపారు. తర్వాత అధికారి తెర మీద పటం వేసి, అయిదు చోట్ల మట్టి తీసి పరీక్షించామని, అంతా శుభ్రంగా ఉందని చూపించాడు. అయిదు చుక్కలూ గేటు వైపే ఉన్నాయి.

మేస్త్రీ లేచాడు. ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"మీరు తీసిన చోట ఏమీ ఉండదయ్యా. అక్కడ లారీలు నిలబెట్టేవాళ్ళం. వెనక గోడ పక్కన తవ్వండి. రెండు నిలువుల లోతున పద్దెనిమిది గోతులున్నాయి. నేనే పూడ్పించాను. ఎక్కడెక్కడున్నాయో వచ్చి చూపిస్తాను."

హాలంతా కలకలం రేగింది. అల్లుడు మామయ్యా, కూర్చోండి అంటున్నాడు. మేస్త్రీ వినలేదు. వెనక వరుసలో పిచ్చుకను పొదివి పట్టుకుని కూర్చున్న భార్య వైపు తిరిగాడు.

"ఇంకో మాట. నా చిన్న కూతురు అలా పుట్టడానికి మా ఆవిడ కారణమని మీలో చాలామంది అనుకున్నారు. మా అమ్మ మీ చేత అలా అనిపించింది. నేను అననిచ్చాను. ఆమె మిషను తొక్కినందుకు కాదు. ఆ విషం నా బట్టల మీద నేనే మోసుకొచ్చాను. ఆమె తప్పేమీ లేదు. తెలిసీ ఇన్నేళ్ళు దాచాను."

టైలరమ్మ అప్పుడు ఏడ్చింది. ఎందుకేడుస్తోందో తెలియని పిచ్చుక తన అరచేతులతో తల్లి బుగ్గలు తుడిచింది. ఒకప్పుడు అత్తగారి మాటకు తలూపిన పక్కింటి పెద్దావిడ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

మేస్త్రీ చూపించిన చోట తవ్వితే రెండో గోతిలోనే నల్లటి బూడిద బయటపడింది. ప్లాంటు సంగతి అటకెక్కింది. ముందు ఆ నేల బాగుచెయ్యాలన్నారు, దానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేదు. యజమాని చిరునామాకు వెళ్తే అక్కడ ఇంకెవరో ఉన్నారు. గోడ పక్క పదకొండు ఇళ్ళు ఖాళీ చేయించారు. వీధిలో కొందరు మేస్త్రీకి దండం పెట్టారు. ఒక తల్లి మాత్రం తన కొడుకును రెక్క పట్టుకుని తీసుకొచ్చి, వీడు బళ్ళో ఏదీ గుర్తుంచుకోలేకపోతున్నాడు, మీరు పదేళ్ళ ముందు చెప్పుంటే ఎలా ఉండేవాడో చెప్పండి అని అడిగింది. మేస్త్రీ ఆమె ఎదుట నిలబడి అన్నీ పడ్డాడు. ఆ ఎండాకాలం చెత్తగుట్ట మొత్తం అంటుకుని నాలుగు రోజులు కాలింది. అల్లుడు ఆ పొగలోనే లారీ నడిపాడు. అత్తగారింటి గడప మాత్రం తొక్కలేదు.

ఇప్పుడు వాళ్ళు రెండో అంతస్తులో అద్దె గదుల్లో ఉంటున్నారు. నర్సమ్మ నెలనెలా వచ్చి పిచ్చుకకు పరీక్ష చేస్తుంది. రక్తంలో సీసం తగ్గుతోందని, తెలివి మాత్రం తిరిగి రాదని చెప్పింది. మేస్త్రీకి మూత్రపిండాలు చెడుతున్నాయి. మెట్లెక్కాలంటే ప్రతి మలుపులోనూ ఆగాలి.

ఒక సాయంత్రం పెద్ద కూతురు ఒక్కతే వచ్చింది. వంటగదిలో తల్లి పక్కన నిలబడి, నాన్నను క్షమించావా అమ్మా అని అడిగింది.

టైలరమ్మ చేతులు తుడుచుకుంది.

"ఏమోనే. రోజూ మందులిస్తున్నాను, భోజనం పెడుతున్నాను. అది క్షమించడమో కాదో తెలియదు. ఇరవై ఏళ్ళూ పొద్దున లేస్తూనే నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ పని లేదు. లేస్తున్నాను... కాసేపు ఊరికే కూర్చుంటున్నాను. చాలా నిశ్శబ్దంగా ఉంటోంది లోపల. దానికి ఇంకా అలవాటు పడలేదు."

మెట్ల మీద మేస్త్రీ దగ్గు వినిపించింది. మొదటి మలుపులో ఆగాడు. పెద్ద కూతురు తల్లి మొహంలోకి చూసింది. టైలరమ్మ పొయ్యి తగ్గించి, తలుపు తీసి, ఆయనకు ఆసరాగా కిందికి దిగింది.