గొంగడి కప్పిన తొట్టి

కిషన్ లెక్కలో గోదావరిఖని మొత్తానికి తెలివైనవాడు ఒక్కడే. ఆ ఒక్కడు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు, నైట్ షిఫ్టు చేసి పొద్దున ఏడింటికి క్వార్టర్‌కు వస్తాడు, బూట్లయినా విప్పకుండా ముందు గదిలోని నాలుగడుగుల అక్వేరియం ఎదుట నిలబడి లోకంలో ఉన్న మూర్ఖులందర్నీ తిట్టుకుంటాడు. ఆ మధ్య తిట్టుకోవడానికి గట్టి కారణమే దొరికింది. తొట్టిలో నీళ్లు పచ్చబడ్డాయి.

పచ్చబడటమంటే అద్దానికి పాచి పట్టడం కాదు. పాచి అయితే గీకి పారేయొచ్చు. ఇక్కడ నీళ్లే పచ్చగా అయిపోయాయి, పాలకూర ఉడికించి వార్చినట్టు. కంటికి ఆనని నాచు నీళ్లంతటా కలిసిపోయి, కిషన్ ముచ్చటపడి నాటుకున్న మొక్కల్నీ, ఏంజెల్ చేపల్నీ, వెనక పేర్చిన రాళ్లనీ మింగేసింది. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే ఎప్పుడో ఒకసారి ఒక తోక కదిలేది.

మంచిర్యాలలో చేపల దుకాణం నడిపే టిమోతి, లైటు అన్ని గంటలు వెయ్యొద్దన్నాడు, మొక్కలకు పోసే మందు తగ్గించమన్నాడు, తొట్టిని కిటికీ పక్కనుంచి జరపమన్నాడు. అన్నీ సరైన మాటలే. చెప్పింది ఒక దుకాణంవాడు కాబట్టి అవి కిషన్ చెవికి ఎక్కలేదు. తప్పంతా నల్లా నీళ్లదని, అందులోని క్లోరిన్‌దని తేల్చేశాడు. అక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. ఎన్నో ఏళ్ల కింద మూసేసిన ఒక బాయిలోంచి, పక్క గనిలోకి ఊట రాకుండా, రోజూ నీళ్లు తోడి కాలువలోకి వదులుతారు. ఆ పైపు దగ్గరికి స్కూటర్ మీద పోయి ఆరు క్యాన్లు పట్టుకొచ్చి తొట్టిలో పోశాడు. ఊళ్లో ఇంకెవరికీ ఇంత బుర్ర లేదని దారంతా మురిసిపోయాడు. రెండు రోజుల్లో తొట్టి ఇంకా చిక్కబడింది.

ఆ నీళ్లు ఎక్కడివో తెలిసిన రోజే తండ్రి సదయ్య ముందు గదిలోని తన మంచం ఎత్తుకుపోయి వరండాలో వేసుకున్నాడు.

కిషన్‌కు లోకమంతా చులకనే గానీ, సదయ్య అంటే ఉన్నంత చులకన ఇంకెవరి మీదా లేదు. సదయ్య ఆ బాయిలోనే బ్యాంక్స్‌మన్‌గా చేశాడు. మనుషుల్ని దించి ఎక్కించే కేజ్ దగ్గర, పైన నిలబడి గంట వినడం ఆయన పని. కింద నుంచి మూడు దెబ్బలు వినపడితే మనుషులు పైకి వస్తామంటున్నారని అర్థం. పైవాడు తిరిగి మూడు దెబ్బలు కొడితేనే కేజ్ కదులుతుంది. ముప్పై ఏళ్ల కింద ఒక రోజు గోడ తెగి బాయిలోకి నీళ్లు ముంచుకొచ్చాయి. కింద నుంచి మూడు దెబ్బలు వచ్చాయి. నీళ్ల హోరు విన్న సదయ్యకు కాళ్లు నిలవలేదు. గంట ముట్టకుండానే పరిగెత్తాడు. కింద చిక్కినవాళ్లలో ఆయన సొంత తమ్ముడు ఎల్లన్న ఒకడు. శవాలు కూడా దొరకలేదు.

దెబ్బలేవీ వినపడలేదని సదయ్య అందరికీ చెప్పాడు, అందరూ నమ్మారు. నిజం ఒక్కసారే, కల్లు మైకంలో, కొడుకు ముందు జారింది. అప్పట్నుంచి కిషన్ తండ్రికి అన్నం పెట్టినా, మందులు తెచ్చినా, ఒక చూపు చూసి మరీ ఇచ్చేవాడు. చెప్పు కింద నలిగిన పురుగును చూసినట్టుండేది ఆ చూపు. పోయేలోపు కొడుకు ఒక్కసారి తనను మనిషిలా చూస్తే చాలని ముసలాయన ఆశ. ఆయనకు ఇంక వేరే ఆశలేవీ లేవు.

చివరికి కిషన్ ఫోన్‌లో ఎవరో చెబుతుంటే విని అసలు మందు కనిపెట్టాడు. నాచుకు వెలుగే తిండి. నాలుగు రోజులు పూర్తిగా చీకట్లో ఉంచితే అదే చస్తుంది. లైటు పీకేసి, గాలి మోటారు మాత్రం ఆడనిచ్చి, సదయ్య గొంగళ్లు రెండు తెచ్చి ఎక్కడా సందు లేకుండా తొట్టికి కప్పాడు.

“వాళ్లను మళ్ల చీకట్ల పెట్టకు బిడ్డా,” అన్నాడు సదయ్య గుమ్మం దగ్గర్నుంచి.

“చేపలకేం కాదు బాపు.”

సదయ్య అన్నది చేపల గురించి కాదు. అది కిషన్‌కు తెలుసు. తెలిసే నవ్వాడు.

మూడో రోజు మధ్యాహ్నం. కిషన్ భార్య దీప బడిలో టీచరు, ఇంకా ఇంటికి రాలేదు. నైట్ షిఫ్టు చేసేవాళ్ల ఇళ్లలో పగలే రాత్రి. కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు దగ్గరగా వేసి, కిషన్ ముందు గదిలో కూలర్ ఎదుట పడుకున్నాడు. కరెంటు పోయింది. కూలర్ ఆగింది, తొట్టిలో గాలి మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది.

ముందు వాసన తెలిసింది. తడి బొగ్గు. దాని వెనక పేలుడు మందు పొగ, నాని మగ్గిన తోలు బూట్లు. ఎండలో డంపర్ నడిపేవాడికి రోజూ తగిలే వాసన కాదది. చిన్నప్పుడు బాపు డ్యూటీ దిగి వస్తే ఆయన బట్టల్లోంచి వచ్చేది.

టక్. టక్. టక్.

అద్దం మీద. గొంగడి లోపల్నుంచి.

నత్తలు, అనుకున్నాడు. నత్త గుల్ల అద్దానికి తగిలితే చప్పుడవుతుంది. కళ్లు మూసుకున్నాడు.

టక్... టక్... టక్.

ఈసారి నెమ్మదిగా. వినేవాడు అవతల ఉన్నాడో లేడో అన్నట్టుగా...

తలుపు సందులో సదయ్య నిలబడి ఉన్నాడు. వెలుగు ఆయన వీపు మీద ఉంది, మొహం కనపడటం లేదు.

“తిరిగి కొట్టాలె,” అని గుసగుసగా అన్నాడు. “నా చెయ్యి లేస్తలేదు కిషన్.”

కిషన్‌కు భయం వేసింది. భయపడ్డానని తండ్రి ముందు తేలిపోతుందేమోనని ఒళ్లు మండింది. ఆ మంటలో లేచాడు.

“అప్పుడు లేవలే, ఇప్పుడేం లేస్తది. జరుగు.”

గొంగడి మీదనుంచే వేలి కణుపుతో అద్దాన్ని మూడుసార్లు కొట్టాడు.

ఏమీ కాలేదు. తండ్రి వైపు తిరిగి వెటకారంగా ఏదో అనబోయాడు... అప్పుడు కాళ్ల కింద గచ్చు సన్నగా అదిరింది. ఎక్కడో చాలా లోతులో ఇనుప తాడు బిగిసిన చప్పుడు. చుట్టుకుంటోంది. దగ్గరికొస్తోంది. గొంగడి కొస నుంచి నీళ్లు కారడం మొదలైంది. నల్లగా ఉన్నాయి ఆ నీళ్లు. కిషన్ కాలి వేళ్లకు చల్లగా తగిలాయి.

ఆగింది.

సదయ్య లోపలికి వచ్చాడు. వంగిపోయిన నడుం ఎట్లా నిలబడిందో ఏమో, నిటారుగా నడిచి తలుపు బార్లా తెరిచాడు. ఎండ గదిలోకి పడింది. కుడిచెయ్యి ద్వారబంధానికి ఆనించి, షిఫ్టు దిగేవాళ్లను లెక్కపెట్టే బ్యాంక్స్‌మన్ నిలబడ్డట్టే నిలబడ్డాడు.

“ఒకటి,” అన్నాడు.

కిషన్ భుజానికి తడి చొక్కా ఒకటి రాసుకుంటూ పోయింది. గదిలో ఎవరూ లేరు.

“రెండు.”

మళ్లీ... ఈసారి మోచేతికి. మంచు ముక్క తగిలినట్టయింది.

“మూడు... నాలుగు.”

కాసేపు ఏమీ లేదు. సదయ్య తొట్టి వైపు చూశాడు.

“తమ్మీ... ఎల్లన్నా... నడువు. మెల్లగ నడువు. ఐదు.”

బయట సందులో షేర్ ఆటో ఒకటి పోతోంది. ఎదురింటి ముందు పడుకున్న కుక్క లేచి, తోక ముడుచుకుని, తోవ ఇచ్చి పక్కకు జరిగింది. సదయ్య గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఐదుగురు,” అన్నాడు. “ఆ దినం దిగింది గంతే. అందరు వచ్చిన్రు బిడ్డా.”

కిషన్ ఆయన్ని చూశాడు. ఎప్పుడూ చూసే చూపు వెతుక్కున్నా దొరకలేదు. దగ్గరికి పోయి, చెయ్యి పట్టి లేపి, కుర్చీలో కూర్చోబెట్టాడు. “ఫికర్ చెయ్యకు బాపు,” అన్నాడు. తండ్రితో అట్లా మాట్లాడి పదేళ్లయి ఉంటుంది. సదయ్య కొడుకు మొహంలోకి చాలాసేపు చూసి, అతని చేతిని విడవకుండా పట్టుకున్నాడు.

రెండో చేత్తో కిషన్ గొంగళ్లు లాగేశాడు.

నీళ్లు తేటగా ఉన్నాయి. ఆకు ఆకూ కనపడుతోంది, ఇసుకలో రాయి రాయీ కనపడుతోంది. వెనక గోడ మీది క్యాలెండర్ అంకెలు కూడా చదవొచ్చు. అంత భయంలోనూ కిషన్‌కు, చూశావా, నా మందు పనిచేసింది అనిపించింది. టిమోతి మొహం మీద చెప్పాలనుకున్నాడు.

టక్. టక్. టక్.

ఎదురుగా. ముక్కుకు జానెడు దూరంలో, ఆ తేట నీళ్లలోంచి.

అద్దం లోపల చెయ్యేదీ కనపడలేదు. ఏమీ లేదు. కిషన్ తనకు తెలియకుండానే చెయ్యి ఎత్తాడు. సదయ్య పట్టు బిగిసింది.

“కొట్టకు,” అన్నాడు, పెదవులు మాత్రం కదిలేలా. “మనోళ్లందరు వచ్చిన్రు.”

టక్... టక్... టక్.

చేపలన్నీ ఒక మూలకు ఒదిగి, మిగతా తొట్టంతా ఖాళీగా వదిలేశాయి.