ఉప్పునీళ్ల బానలో పదకొండు గుడ్లు

మొదటి గుడ్డు తేలింది. పుష్పమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి రెండోది వేసింది. అదీ తేలింది.

"అక్కా, చెడిపోయిందా?" మంచంలోంచి అడిగాడు తమ్ముడు ఇస్సాకు. వాడికి నాలుగు రోజులుగా జ్వరం.

"ఊరకుండు. ఇంకా తొమ్మిది ఉండాయి."

అమ్మ మగ్దలీనమ్మ పొద్దున్నే గిద్దలూరు రోడ్డుకు కంకర కొట్టే కరువు పనికి పోయింది. పోతూ చెప్పింది.

"గుడ్లు నీళ్లల్లో ఏసి చూడు. మునిగినవి కోడి కింద పెట్టు. తేలినవి మురిగినట్టు. పారెయ్."

మేకలు ముందే పోయాయి. ఇక ఆ ఇంటికి మిగిలింది ఈ పెట్ట ఒక్కటే. ఒక్క గుడ్డు ఉడకబెట్టమని ఇస్సాకు ఏడ్చినా అమ్మ ఇవ్వలేదు. "పిల్లలు కానీ నాయనా, అప్పుడు తిందువు" అంది.

బావి అడుగంటింది. ఇంట్లో మంచినీళ్లు మనిషికి పూటకొక చెంబు. వాటిని పాడుచేయడం ఎందుకని పుష్పమ్మ మూలనున్న బాన ముందుకు లాగింది. అందులో మామిడికాయలు ఊరేసిన ఉప్పునీళ్లున్నాయి. కాయలు ఎప్పుడో అయిపోయాయి. సంగట్లో నంజుకోవడానికి ఆ నీళ్లు దాచారు. ఏ నీళ్లయితేనేం అనుకుంది.

ఒక్కో గుడ్డుకూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. పదకొండూ తేలాయి. అన్నింటినీ పెంటకుప్ప మీద పారేసి వచ్చింది.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి కోడి ఖాళీ గంపలో కూర్చుని ఉంది.

"ఏందే, గుడ్లేవి?"

"అన్నీ తేలినాయమ్మా. పారేసినాను."

"పదకొండూనా? ఏ నీళ్లల్లో ఏసినావు?"

పుష్పమ్మ బాన చూపించింది. అమ్మ గడప మీద కూలబడింది.

"ఉప్పు కలిసిన నీళ్లు బరువు పుష్పా. మంచి గుడ్డునైనా పైకి నెడతాయి. ఉప్పు చాలిందా లేదా అని కాయలు ఊరేసేటప్పుడు గుడ్డు ఏసి చూసేది అందుకే. మంచినీళ్లల్లో అయితే మురిగిందే తేలుతాది."

"ప్రతిదానికీ ప్రార్థన చేసినానమ్మా."

అమ్మ లేచి బానను మళ్లీ మూలకు జరిపింది.

పుష్పమ్మ పెంటకుప్ప దగ్గరికి పరుగెత్తింది. కాకులు పెంకులు కూడా మిగల్చలేదు. బూడిదలో కూరుకుపోయిన ఒక్క గుడ్డు మాత్రం దొరికింది. పావడాతో తుడిచి తెచ్చింది.

తన వంతు మంచినీళ్ల చెంబు ముందు పెట్టుకుంది. వేలు ముంచి నాలుక మీద వేసుకుని చూసింది. ఉప్పు లేదు. గుడ్డును మెల్లగా వదిలింది. అది మునిగి, అడుగున పక్కకు వాలి పడుకుంది.

"మంచిదేనా అక్కా?"

"మంచిదే."

"పారేసినవి?"

"అవి కూడా."

ఇస్సాకు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పుష్పమ్మ గుడ్డును గంపలో పెట్టింది. కోడి దాన్ని ముక్కుతో పొట్ట కిందికి లాక్కుంది. తర్వాత మిగతావాటి కోసం గడ్డిలో వెతికింది.

పుష్పమ్మ తాగకుండా ఉంచిన చెంబుడు నీళ్లూ చిప్పలో పోసి దాని ముందు పెట్టింది.