దవడలో నల్లమచ్చ

"కదలొద్దని చెప్పానా లేదా?" అంటూ ఎక్స్‌రే డాక్టరు గదిలోకి వచ్చింది.

ట్రంపెట్ వాయించే కుర్రాడొకడు గడ్డం మెషిన్‌కి ఆనించి, పళ్ల మధ్య ప్లాస్టిక్ పుల్ల కరుచుకుని, హోంవర్క్ చేయని పిల్లాడిలా చూశాడు.

"కదల్లేదండీ," అన్నాడు పుల్ల తీసి. "మీ మెషిన్ తిరుగుతూ ఒకే స్వరం పట్టుకుంది. దానికి జతగా సన్నగా హమ్ చేశానంతే."

"హమ్ చేస్తే దవడ కదలదా? చూడండి, ఎముక అంచు మెట్లు మెట్లుగా వచ్చింది. ఇది చూస్తే ఎవరైనా దవడ విరిగిందనుకుంటారు."

తలుపు బయటినుంచి వాళ్లక్క అందుకుంది. "వాణ్ని నోరు మూసుకోమంటే చాలదండీ. ముక్కు కూడా మూయాలి."

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. అతని గుండె ఒక తాళం తప్పింది.

నిజానికి అది గుండె తాళం తప్పాల్సిన రోజు కాదు. వారం కిందట పంటి నొప్పికి తీసిన ఎక్స్‌రేలో కింది దవడ ఎడమవైపు ద్రాక్షపండంత నల్లమచ్చ కనబడింది. కోసి చూడాలేమో అన్నారు పళ్ల డాక్టరు. కోస్తే పెదవికి స్పర్శనిచ్చే నరం దెబ్బతినొచ్చు. పెదవి మొద్దుబారితే ట్రంపెట్ పలకదు. ఆ వారమంతా అతను వాయిద్యం పెట్టె మూత తీయలేదు.

రెండోసారి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత త్రీడీ స్కాన్ కూడా అయింది. అక్కని లోపలికి పిలిచి, డాక్టరు తెర ముందు కూర్చుంది.

మౌస్ తిప్పుతుంటే తెర మీద అతని దవడ మెల్లగా తిరిగింది. దంతాల వేళ్లు, ఎముకలో సన్నని అల్లిక, నరం నడిచే సొరంగం. పుట్టినప్పటినుంచీ మోస్తున్న ముఖంలో ఇంత కట్టడం ఉందని అతనికి ఇవాళే తెలిసింది. భయం సంగతి మరిచిపోయి నోరు తెరిచాడు.

"ఇదంతా నేనేనా?"

"మీరే. ఇదిగో మీ మచ్చ. నరానికి కింద ఉంది, అంచు తెల్లగా, నున్నగా ఉంది. ఇప్పుడు లోపలివైపు నుంచి చూద్దాం." ఆమె దవడని తిప్పింది. తిప్పి, తెరకి దగ్గరగా వంగింది. "పుస్తకాల్లో చూడ్డమే. మీ వయసులో అరుదు."

"ఏమిటండీ?" అక్క తెర దగ్గరికి జరిగింది.

"గడ్డ కాదు. ఎముకలో లోపలివైపు చిన్న సొట్ట. పక్కనే లాలాజల గ్రంథి ఉంటుంది కదా, ఎముక తగ్గి దానికి చోటిచ్చింది. మామూలు ఎక్స్‌రేలో అది రంధ్రంలా కనబడుతుంది. కోయక్కర్లేదు. ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలు."

"అంటే వాయించొచ్చా?"

"హాయిగా."

అక్క కళ్లు తుడుచుకుని తమ్ముడి వీపు మీద ఒకటి వేసింది. "వారం నుంచి మాకు అన్నం సహించకుండా చేశావు కదరా."

అతను మాత్రం కదల్లేదు. "ఆదివారం పార్కులో మా బ్యాండు వాయిస్తుంది. మీరు రావాలి."

"పేషెంట్లతో నేను షికార్లకి వెళ్లను."

"ఆరు నెలల తర్వాత స్కాన్ ఇంకెవరి దగ్గరైనా తీయించుకుంటాను."

ఆమె రిపోర్టు మీద సంతకం పెట్టింది. కింద సీనియర్ డాక్టరు పేరు రాసింది. "ఇకమీదట ఈయన చూస్తారు," అని కాగితం అతని చేతికిచ్చింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆదివారం సన్నగా తుంపర. ఆమె జనం వెనక నిలబడింది. అతను ట్రంపెట్ ఎత్తాడు. మొదటి స్వరం తడి గాలిని చీల్చుకుని చెట్లమీదికి లేచింది. ఆమెకి ఒళ్లు జలదరించింది.

పాట అవగానే అతను పరుగున వచ్చాడు. "ఎలా ఉంది?"

"మీ దవడ అన్ని వైపులనుంచీ చూశాను," అంది ఆమె మెల్లగా. "ఈ పాట ఎక్కడా కనబడలేదు."

అతను తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని నవ్వాడు. వాళ్లక్క గొడుగు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఇద్దరూ దీనికింద ఉండండమ్మా. నాకు జలుబు చేసినా పర్వాలేదు."