పీట మీద కండువా

డికాక్షన్ దిగేలోపు రత్నమాల గృహప్రవేశం సామాన్లు సర్దుకుంటోంది. కొండాపూర్‌లో కొన్న ఫ్లాట్‌లో శుక్రవారం తెల్లవారుజామున పాలు పొంగించాలి. హఫీజ్‌పేట్ అద్దె ఇంటితో ఋణం తీరిపోతోందని ఆవిడ సంబరపడుతుండగా కోడలు ప్రవీణ ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"రవీ, శుక్రవారం నాకు సెలవు కావాలని భాస్కర్‌గారికి చెప్పింది నువ్వేనా?"

రత్నమాల కొడుకు రవికిరణ్ ఇడ్లీ మీంచి తల ఎత్తలేదు. "నువ్వు మీ బాస్‌ని అడగడానికి మొహమాటపడతావని నేనే చెప్పాను. ఇప్పుడేమైంది?"

"కొరియా నుంచి, ఫ్రాన్స్ నుంచి, జపాన్ నుంచి మా టీమ్ వాళ్ళు కొత్త ఇంటికి శుభాకాంక్షలు పంపారు. శుక్రవారానికి నా సీటు ఇంకొకరికి ఇచ్చేశారట. ఎంత మర్యాదగా తీసేశారో చూడు."

కొరియాలో, సూర్యుడి తరహాలో శక్తి పుట్టించాలని చూసే టోకమాక్ అనే యంత్రం ఉంది. దాని మీద నాలుగు దేశాల వాళ్ళు కలిసి పనిచేస్తున్నారు. సూర్యుడికన్నా వేడెక్కిన ప్లాస్మా అనే వాయువును గోడలకు తగలకుండా అయస్కాంతాలతో మధ్యలో నిలబెట్టాలి. కాసేపటికే చెదిరిపోయే ఆ ప్లాస్మాను ఆగకుండా నిలిపే పద్ధతి ఒకటి ప్రవీణ తయారుచేసింది. శుక్రవారం రాయదుర్గం ఆఫీసులో కూర్చుని ఆ పరీక్షను ఆమే నడిపించాలి. అక్కడి ఉదయం మనకు తెల్లవారుజాము. ముహూర్తమూ అప్పుడే పడింది. మార్చమని అడిగితే 'చూద్దాంలే' అన్న మొగుడుగారు చేసిన నిర్వాకం ఇదన్నమాట.

మామగారు సోమేశ్వరరావు పేపరు వెనకనుంచి అన్నారు. "యంత్రం ఎక్కడికి పోతుందమ్మా? ఇంకోసారి చేసుకోవచ్చుగా."

"మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో తెలీదు మావయ్యగారూ. దీనికే రెండేళ్ళు ఆగాం. అయినా నా బాధ అదొక్కటే కాదండీ. నేను అనని మాట నా పేరు మీద వెళ్ళింది."

"పీటల మీద పక్కన భార్య లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు? అమ్మా, నువ్వైనా చెప్పు," అన్నాడు రవికిరణ్.

కోడలికి నచ్చజెప్పాలనే రత్నమాల నోరు తెరిచింది. ఆ 'నలుగురూ' అన్న మాట వినేసరికి ఆవిడకు ఒళ్ళు మండింది.

"చెబుతా విను. కాకినాడలో మన గృహప్రవేశం నాడు మీ నాన్నగారు సబ్‌స్టేషన్‌లో డ్యూటీ చేస్తున్నారు. పక్క పీట మీద ఆయన కండువా పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆ నలుగురూ ఏమన్నారో తెలుసా? పనంటే ఎంత శ్రద్ధో అని ఆయన్ని మెచ్చుకున్నారు. మగాడికి కండువా సరిపోయినప్పుడు దీనికి మాత్రం మనిషే రావాలా? దీని చీర పెట్టుకుని కూర్చో, నీ సొమ్మేం పోతుంది?"

"అది వేరమ్మా."

"ఏం వేరు? రాలేనని ఆయన నోటితో ఆయనే చెప్పారు. నువ్వు పెళ్ళాం పేరు చెప్పి అబద్ధమాడావు. ఫోన్ చెయ్యి. ఇక్కడే, నా ముందు."

రవికిరణ్ నంబరు కలిపాడు. "భాస్కర్‌గారూ, ప్రవీణ సెలవు అడగలేదండి. నేను అబద్ధం చెప్పాను." ఆయన ఫోన్ ప్రవీణకు ఇవ్వమన్నారు.

"శుక్రవారం నేనే కూర్చుంటానండి. మిగతావాళ్ళకు నేనే రాస్తాను," అంది ఆమె. సరేనన్న సమాధానం విని ఊపిరి పీల్చుకుని, బ్యాగు భుజాన వేసుకుంది.

"సారీ ప్రవీణా," అన్నాడు రవికిరణ్, గుమ్మం దాకా వెళ్ళి.

"ఇంకా కోపంగానే ఉంది. సాయంత్రం మాట్లాడదాం."

ఆమె వెళ్ళాక సోమేశ్వరరావు పేపరు మడిచారు. "ఆ రోజు ఒక్కదానివే కూర్చున్నప్పుడు నీకెలా అనిపించింది రత్నం?"

రత్నమాల కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"చాలా కోపం వచ్చిందండి," అంది. "ఎవరితోనూ అనలేదు." ఇక కన్నీళ్ళు ఆగలేదు.

ఆయన లేచి గ్లాసు అందుకుని, ఆవిడ కోసం కుర్చీ లాగారు. "ఇప్పుడు చెప్పు. వింటాను."