భైరవను తీసిన గురువారం

"కొత్త బ్యాచ్ ఎప్పుడు?"

"సిలబస్ మారినంక."

తలుపు తెరుచుకుంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి వెళితే వచ్చే గ్రూప్ టూ కోచింగ్ సెంటర్ అది. దాని వెనక గదికి వచ్చేవాళ్లెవరూ గ్రూప్ టూ రాసేవాళ్లు కారు. ముందు హాల్లో కుర్రాళ్లు రాజ్యాంగాన్ని బట్టీపడుతుంటారు, వెనక గదిలోవాళ్లు దాన్ని కాపాడుతుంటారు. పాపం, వాళ్లకు నోటిఫికేషన్ రాదు, వీళ్లకు జీతం టైముకు రాదు.

ఏజెంట్ ఉపేందర్ లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా చీఫ్ శేఖర్. తండ్రి లేని ఉపేందర్ సరూర్‌నగర్ స్టేడియంలో కబడ్డీ ఆడుతుంటే చూసి, చెయ్యి పట్టుకుని ఈ ఉద్యోగంలోకి తెచ్చింది ఆయనే. శేఖర్ ఒక ఉస్మానియా బిస్కెట్ తీసి, విరిచి, సగం ఉపేందర్‌కిచ్చాడు. ప్రతి మిషన్‌కు ముందు ఇది మామూలే. ఆ సగం బిస్కెట్ కోసం ఉపేందర్ తుపాకీకి ఎదురు వెళ్లమన్నా వెళ్తాడు.

"ఎల్బీనగర్‌ల రామమోహనరావు అని రిటైర్డ్ సైంటిస్ట్ ఉన్నడు," శేఖర్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "బయట దేశాల్ల మన ఏజెంట్లు వాడే సీక్రెట్ కోడ్ రాసింది ఆయనే. దాని మాస్టర్ కాపీ యాడున్నదో ఎరికేనా?"

"ఢిల్లీల?"

"ఆయనింట్ల కంప్యూటర్ల. ఎవ్వడూ ఎతకడని ఆడనే ఉంచిన్రు. ఆ కంప్యూటర్‌కు వారమంతా ఇంటర్నెట్ ఉండదు. గురువారం ఒక్కపూట వైరు పెడ్తడు, యాంటీవైరస్ అప్‌డేట్ కోసం. ఆ యాంటీవైరస్ పేరు భైరవ. గా కంపెనీని ఆర్కిడ్ గ్యాంగ్ కొన్నది."

ఉపేందర్ నోట్లో బిస్కెట్ చేదెక్కింది. దేశాల రహస్యాలు దొంగిలించి, ఎక్కువిచ్చినవాడికి అమ్ముకునే విదేశీ ముఠా ఆర్కిడ్.

"ఇయ్యాల మూడింటికి భైరవ అప్‌డేట్ వస్తది. దాంతోని కోడ్ మొత్తం బయటికి పోతది. పొద్దుగూకే లోపల మనోళ్లు ఒక్కొక్కలు దొరికిపోతరు. మహేందర్ సుత."

మహేందర్, ఉపేందర్ ట్రైనింగ్‌లో ఒకే కంచంలో తిన్నారు. మహేందర్ ఇప్పుడు ఏదో పరాయి ఓడరేవులో వంటవాడి వేషంలో ఉన్నాడు.

"ఏం చెయ్యాలె సార్?"

"టెక్నీషియన్ లెక్క పో. భైరవను పీకెయ్. ఈ పెన్‌డ్రైవ్‌ల త్రినేత్ర ఉంది, మన సొంత యాంటీవైరస్. పీకిన మరుక్షణం ఎక్కించాలె. నడుమ గ్యాప్ ఇయ్యకు. దొంగ తలుపు పగలగొట్టి వస్తడు బిడ్డా. యాంటీవైరస్‌కు మాత్రం తాళంచెవి మనమే చేతిల పెడ్తం. అందుకే జర సూసి ఎంచుకోవాలె."

ఆ తర్వాత శేఖర్ టేబుల్ మీద ఒక ఫొటో పెట్టాడు. ఉపేందర్ దాన్ని దగ్గరకు లాక్కున్నాడు.

తన్మయి. తనలాగే ఏజెంట్. నిరుడు బాటసింగారం పండ్ల మార్కెట్లో ఇద్దరూ బత్తాయి వ్యాపారులుగా వేషం కట్టి స్మగ్లర్ల మీద నిఘా వేశారు. 'బత్తాయిలు పుల్లగున్నయి' అంటే 'ప్రమాదం, లైన్ కోసెయ్' అని వాళ్లిద్దరి మధ్య కోడ్. పెళ్లి మాట కూడా అక్కడే, లారీల మధ్యే అనుకున్నారు. తెల్లారేసరికి ఆమె లేదు. ఫోన్ లేదు, ఒక్క మాట లేదు.

"ఆర్కిడ్ మనిషి," అన్నాడు శేఖర్. "డబుల్ ఏజెంట్. ఇప్పుడు భైరవకు సేల్స్ ఎగ్జిక్యూటివ్ వేషం. నిన్ను ఆపనీకి వస్తది. ఒక్క మాట సుత ఇనకు."

శేఖర్ లేచి ఒక పెన్ను ఉపేందర్ జేబుకు తగిలించాడు. క్యాప్ నొక్కితే మిరియాల స్ప్రే. ఆ తర్వాత భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు నా కొడుకు లెక్క. గీ మాట ఇంకెవ్వరితోని అనలే."

*

మెట్రో దిగి ఎల్బీనగర్ కాలనీలోకి నడిచేసరికి ఉపేందర్ నల్ల బ్యాగు, మెడలో ఐడీ కార్డుతో అచ్చమైన సర్వీస్ టెక్నీషియన్‌లా ఉన్నాడు. ఆలస్యంగా కూడా వచ్చాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

రామమోహనరావు కంప్యూటర్ దగ్గరకు తీసుకెళ్లాడు. మానిటర్ నుదుట సిందూరం బొట్టు ఉంది.

"కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామిది," అంది ఆయన భార్య కుసుమకుమారి. "యాంటీవైరస్ ఎటూ ఏడాదికే కదా బాబూ. ఇది ఎప్పటికీ ఉంటుందని నేనే పెట్టాను."

"భైరవను ఎందుకు మార్చడమయ్యా?" రావుగారికి మనసొప్పలేదు. "దీనికి ముందు ఒకటుండేది, ఆన్ చేస్తే పొద్దస్తమానం అదే తిరిగేది, నా పని జరిగేది కాదు. ఇంకోటి రోజూ రెన్యువల్ రెన్యువల్ అని ప్రాణం తీసింది. ఇదొక్కటే తన పనేదో తను చేసుకుంటోంది."

"కంపెనీ చేతులు మారింది సార్. ఇప్పుడు సేఫ్ కాదు."

గుమ్మం దగ్గర గాజుల చప్పుడయింది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్లద్దాలు, మెడలో భైరవ కార్డు.

"అంకుల్, దాన్ని తీయించకండి!"

అదే గొంతు. ఏడాదిగా కలలోకి వచ్చి నిద్ర పాడుచేసిన గొంతు. ఉపేందర్ ఆలోచించలేదు. "మేడం, ముందు వైరు చూద్దాం రండి," అంటూ రెక్క పట్టుకుని ఆమెను బాల్కనీలోకి నెట్టి గడియ పెట్టేశాడు.

"అయ్యో, అక్కడ మాగాయ ముక్కలు ఎండబెట్టాను!" కుసుమకుమారి గుండె బాదుకుంది. "తొక్కేస్తుందేమో!"

"ఆమె పెద్ద ఫ్రాడ్ అమ్మా. తర్వాత అన్నీ చెప్త."

అతను మౌస్ పట్టుకున్నాడు. భైరవను తీసేయమన్నాడు. నిజంగా తీసేయాలా అని స్క్రీన్ అడిగింది. అవునన్నాడు. ఇంకోసారి ఆలోచించుకోమంది. ఇంట్లోంచి తరిమేసిన కుక్క కూడా వీధి మలుపులో ఒకసారి వెనక్కి చూస్తుంది. ఉపేందర్ కనికరించలేదు. కంప్యూటర్ ఆగి మళ్లీ వెలిగేసరికి భైరవ లేదు.

పెన్‌డ్రైవ్ తీశాడు.

"ఆగవయ్యా," అన్నాడు రావుగారు. "రాహుకాలం."

"సార్?"

"గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా. పాతది పంపించెయ్యడానికి పట్టింపు లేదు. కొత్తదాన్ని లోపలికి తెచ్చుకోడానికి మాత్రం వీల్లేదు."

"సార్, మీరు సైంటిస్టు గద!"

"అవును. నేను రాసిన ప్రతి ప్రోగ్రామూ రాహుకాలం దాటాకే రన్ చేశాను. ఒక్కటీ ఫెయిలవలేదు. ఇంతకంటే డేటా ఏం కావాలి?"

అప్పుడే ఫోన్ మోగింది. శేఖర్.

"ఎక్కించినవా?"

"రాహుకాలం అంటున్నడు సార్."

"రాహుకాలమేందిరా! ముసలాయన్ను పక్కకు నూకి ఎక్కియ్. ఎర్ర వార్నింగ్ వస్తే పట్టించుకోకు, అలో అనే బటన్ నొక్కు. ఒక యాంటీవైరస్‌కు ఇంకోటంటే సవతి పోరు ఉంటది."

ఫోన్ కట్టయింది. ఇన్నేళ్లలో మిషన్ మధ్యలో శేఖర్ ఎన్నడూ ఫోన్ చేయలేదు. అయినా భైరవ వెళ్లిపోయాక ఇంకే సవతి మిగిలిందని?

"పోనీ, పెన్‌డ్రైవ్ పెట్టి రెడీగ ఉంచనా సార్?"

"గుమ్మం దాకా రానివ్వు. లోపలికి వద్దు."

పెన్‌డ్రైవ్ పెట్టిన మరునిమిషం స్క్రీన్ మూల ఎర్రబడింది. ఉపేందర్ ముందుకు వంగాడు. ప్రతి కంప్యూటర్‌తో పాటు పుట్టే సొంత కాపలా ఒకటుంటుంది. బయటి యాంటీవైరస్ వస్తే అది పక్కకు తప్పుకుని పడుకుంటుంది. అది వెళ్లిపోతే లేస్తుంది. రావుగారి రాహుకాలం పుణ్యమా అని దానికి లేవడానికి వ్యవధి దొరికింది. లేచీ లేవగానే త్రినేత్రను పట్టుకుంది. 'ఈ ప్రోగ్రాం మీ ఫైళ్లను బయటికి పంపుతుంది' అని రాసి ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ నేర్చుకున్నవాడెవడూ ఇలాంటి వార్నింగ్‌కు భయపడడు. దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడల్లా యాంటీవైరస్ ఆపెయ్, అలో నొక్కు అని చెప్పి మరీ నేర్పిస్తారు. ఉపేందర్ వేలు అలవాటుగా ఆ బటన్ మీదకు వెళ్లింది.

"ఉపేందర్!" బాల్కనీ కిటికీ ఊచల వెనకనుంచి తన్మయి. "నొక్కకు. ఆర్కిడ్ భైరవను కొనలేదు. కొన్నది శేఖర్‌ని."

"నువ్వా చెప్పేది?" అతని వేలు బటన్ మీదే ఉంది. "చెప్పకుండ పోయినదానివి!"

"నువ్వు ఆర్కిడ్‌కి అమ్ముడుపోయావని చెప్పాడు నాకు. నీతో ఒక్క మాట మాట్లాడినా మహేందర్ ప్రాణం పోతుందన్నాడు. నమ్మాను. ఆ తర్వాత అనుమానం వచ్చి ఢిల్లీకి చెప్పాను. వాళ్లే ఆయన మీద నిఘా వెయ్యమన్నారు. ఒక కంప్యూటర్లో రెండు యాంటీవైరస్‌లు పెడితే ఒకదాన్నొకటి వైరస్ అనుకుంటాయి. మనిద్దర్నీ అలా పెట్టాడు. మధ్యలో తను దర్జాగా తిరిగాడు. రేపు ఢిల్లీవాళ్లు వస్తే ఈ మౌస్ మీద వేలిముద్రలు ఎవరివి?"

"సార్ గట్ల చెయ్యడు. ఆయన నన్ను..."

"కొడుకు లెక్క అన్నాడా? నాతో కూతురు లెక్క అన్నాడు. భుజం మీద చెయ్యేసి, ఈ మాట ఇంకెవ్వరితో అనలేదన్నాడు. ముందు ఉస్మానియా బిస్కెట్ విరిచి సగం పెట్టాడు."

ఉపేందర్ కుర్చీలో కూలబడ్డాడు. శేఖర్ డబ్బుకు అమ్ముడుపోయాడన్నంతవరకైతే ఇంత నొప్పి ఉండేది కాదేమో. ఆ మిగతా సగం తిన్నది తన్మయా, మహేందరా, ఇంకెందరో? తను ప్రాణంగా దాచుకున్న మాట ఆయనకు డ్యూటీలో భాగం. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏజెంట్లు ఏడవకూడదని నేర్పింది కూడా ఆయనే, అందుకే తుడుచుకోలేదు.

కాలింగ్ బెల్ మోగింది. కుసుమకుమారి తలుపు తీసింది.

"నమస్తే అమ్మా. సీనియర్ టెక్నీషియన్‌ని," అంటూ శేఖర్ లోపలికి వచ్చాడు. చేతిలో ఫైలు, ఫైలు కింద పిస్టల్. "పక్కకు జరుగు బిడ్డా. మూడింటికల్లా పార్టీకి సరుకు అందాలె."

"సార్, మహేందర్ చచ్చిపోతడు."

"అందరం పోయేటోళ్లమే. రిటైర్ అయినంక నాకేమొస్తది? శాలువానా?"

శేఖర్ వంగి తన వేలితోనే అలో నొక్కాడు. ఎర్ర రంగు పోయింది. త్రినేత్ర ఫైళ్లను పంపుతున్నట్టు గీత కదిలింది. ఇరవై శాతం. నలభై. పిస్టల్ ఉపేందర్ గుండెకు గురిపెట్టే ఉంది. గోడలోని బొక్కలోంచి బాల్కనీలోకి వెళ్లే ఇంటర్నెట్ వైరును ఉపేందర్ కళ్లు పట్టుకున్నాయి. అక్కడ తన్మయి ఉంది. ఆమె అబద్ధమాడి ఉంటే అంతా అయిపోయినట్టే. ఆయన్ను పదేళ్లు నమ్మాడు, ఈమెను ఇంకొక్కసారి నమ్మితే పోయేదేముంది?

డెబ్భై. తొంభై.

"కుసుమమ్మా!" గట్టిగా అరిచాడు. "మొన్న కొన్న బత్తాయిలు పుల్లగున్నయి!"

"మేం బత్తాయిలు కొనలేదు బాబూ," అంది ఆవిడ అయోమయంగా.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

బాల్కనీలో మామిడికాయల కత్తి వైరు మీద టక్కున పడింది. గీత ఆగిపోయింది. 'కనెక్షన్ లేదు' అంది స్క్రీన్. పంపినదంతా చెల్లదని, మళ్లీ మొదట్నుంచి పంపమని కూడా అంది. శేఖర్ బిత్తరపోయి స్క్రీన్ వైపు తిరిగిన ఆ క్షణంలో ఉపేందర్ జేబులో పెన్ను తీసి క్యాప్ నొక్కాడు. శేఖర్ పెద్దగా కేకపెట్టి కూలబడ్డాడు, పిస్టల్ మంచం కిందికి జారింది. ఆయన ఇచ్చినవాటిలో నికార్సయినది ఆ పెన్నొక్కటే.

*

ఢిల్లీ మనుషులు వచ్చి తీసుకెళ్తుంటే శేఖర్ ఎర్రబడ్డ కళ్లతో ఉపేందర్ వైపు చూశాడు. "బిడ్డా..." అన్నాడు.

"ఇంకెవ్వరితోని అనలేదా సార్ గీ మాట?" అన్నాడు ఉపేందర్.

మూడు దాటింది. రావుగారు కంప్యూటర్ ముందు కూర్చుని అడిగాడు: "ఇప్పుడే యాంటీవైరస్ పెట్టమంటావు బాబూ?"

"ఏదీ వద్దు సార్. ఇంట్ల పుట్టింది ఉంది గద, అదే సాలు. కని ఒక్కటి, అది వద్దంటే ఎవ్వరు చెప్పినా అలో నొక్కకున్రి. నేను చెప్పినా సరే."

కుసుమకుమారి టీలు, ప్లేట్లో ఉస్మానియా బిస్కెట్లు తెచ్చింది. తొక్కిన మాగాయ ముక్కల గురించి ఇంకా గొణుగుతూనే ఉంది. తన్మయి ఒక బిస్కెట్ తీసుకుంది. దాన్ని విరిచి సగం ఉపేందర్ వైపు చాచింది. ఏడాది బాకీ ఉన్న క్షమాపణ ఆమె కళ్లలో కనిపిస్తోంది.

ఉపేందర్ ఆ సగం తీసుకోలేదు.

"సగం ఇచ్చేటోళ్లను నమ్ముడు బంద్ చేసిన," అన్నాడు. "పూరా బిస్కెట్ ఉంటే ఇయ్యి."