ఫస్ట్ బస్సు షిఫ్ట్

దీపికను మొదటిసారి చూసినప్పుడు ఆమె ముఖం నాకు సగమే కనిపించింది. మిగతా సగానికి చున్నీ చుట్టుకుని ఉంది. నేనేమో ఆగకుండా తుమ్ముతున్నాను.

తప్పు నాదే. ఖమ్మానికి కంపెనీలను రప్పించే ఆఫీసులో నాకు కాంట్రాక్టు ఉద్యోగం. "మా భాస్కర్ కంపెనీలకు దారి చూపిస్తడు" అని మా అమ్మ హేమ్లి జూలూరుపాడు దగ్గరి మా తండాలో గొప్పగా చెప్పుకుంటుంది. అప్పటిదాకా ఒక్క కంపెనీ కూడా ఆ దారి పట్టలేదని ఆమెకు నేను చెప్పలేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట తెచ్చింది నేనే. ఆ మాత్రం పరువు ఉండాలి కదా.

ఆ రోజు హైదరాబాద్ నుంచి దీపిక, వాళ్ల పెద్దసారు వచ్చారు. దవాఖానాల ఇన్సూరెన్స్ బిల్లులు పరిశీలించే కంపెనీ వాళ్లది. కొత్త బ్రాంచి ఖమ్మంలో పెట్టాలా, వేరే జిల్లాలో పెట్టాలా అని తేల్చుకోవాలి. ఊరి ఘనత చూపిద్దామని నేను వాళ్లను నేరుగా మిర్చి యార్డుకు రప్పించాను. మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. కారు డోరు తీయగానే వాళ్ల పెద్దసారు కళ్లు మూసుకున్నారు. హోటల్‌కు చేరేదాకా మళ్లీ తెరవలేదు.

"మేడం, దిస్ ఈజ్ చిల్లీ," అన్నాను తుమ్ముకీ తుమ్ముకీ మధ్య. "వెరీ ఫేమస్. రెడ్ కలర్."

"అవునా?" అంది దీపిక కళ్లు పెద్దవి చేసి. "మొదటి నుంచీ ఎర్రగానే ఉంటుందా?"

"నో మేడం. ముందు గ్రీన్ ఉంటది. తర్వాత పండుతది."

"భలే!"

నేను ఉత్సాహంగా ఏరడం, ఎండబెట్టడం దాకా వివరించాను. ఇంతలో బస్తాల వెనక నుంచి కమిషన్ ఏజెంటు పగిడయ్య కేకేశాడు.

"ఏం బిడ్డా దీపికా! నాన్న మంచిగున్నడా? ఈసారి మిర్చి ఇంకా తోలలేదేంది?"

నా తుమ్ము సగంలో ఆగిపోయింది.

"మాది మధిర," అంది ఆమె. "మీరంత బాగా చెబుతుంటే ఆపడం ఎందుకులే అనుకున్నా."

"ముందే చెప్పొచ్చు కద మేడం!"

"కారు దిగకముందే చున్నీ కట్టుకున్నాను. అప్పుడే తెలియాలిగా మీకు?"

సాయంత్రం మీటింగులో పరువు నిలబెట్టుకుందామని స్లైడ్లు మొదలుపెట్టాను. 'రాత్రింబవళ్లు రవాణా సౌకర్యం' అన్న స్లైడు దగ్గర దీపిక చెయ్యెత్తింది.

"మా షిఫ్టు రాత్రి తొమ్మిదికి అయిపోతుంది. జూలూరుపాడు అమ్మాయి ఇంటికి ఎలా వెళ్తుంది?"

ఊళ్లు ఎన్నో ఉండగా ఆమె మా ఊరి పేరే అడిగింది. మా చెల్లె సంగీత డిగ్రీ చేసి, ఖమ్మంలో చేరిన ఉద్యోగాన్ని సరిగ్గా అందుకే మానేసింది. స్లైడు చూశాను. మా ఆఫీసర్ రుక్మిణి మేడం నన్ను చూశారు.

"పోవడం కుదరదు మేడం," అన్నాను. "ఆ టైముకు బస్సు ఉండదు. ఈ స్లైడు తప్పు. చేసింది నేనే."

వాళ్లు వెళ్లిపోయాక రుక్మిణి మేడం అరవలేదు. "భాస్కర్, నిన్ను కంపెనీలను తెమ్మన్నా. పంపియ్యమనలే," అన్నారు. అరిచినా బాగుండేది.

రెండు రోజులకు దీపికే ఫోన్ చేసింది.

"మా సారు రెండో ఊరి వైపు మొగ్గుతున్నారు. అక్కడ పెడితే నన్నూ అక్కడికే పంపిస్తారు. నాకేమో అమ్మానాన్నలకు దగ్గర్లో ఉండాలని ఉంది. రాత్రి బస్సు లేదన్నారు సరే, ఇంకేమీ లేదా మీ ఊళ్లో?"

ఆలోచించి చెబుతానని పెట్టేశాను. ఆమె వేరే ఊరికి వెళ్తుందంటే నాకెందుకు ఆకలి వేయడం లేదో కూడా ఆలోచించాల్సి వచ్చింది.

ఆదివారం తండాకు వెళ్లి సంగీతకు చెప్పుకున్నాను.

"రాత్రి పని ఎందుకే అన్నా? పొద్దున పెట్టమను. ఫస్ట్ బస్సు ఖాళీగనే పోతది."

"ఫస్ట్ బస్సు ఉందా?"

"అవ్. నువ్వు ఎప్పుడన్న లేస్తే కద తెల్సేది! మనోళ్లు చీకటితోనే మిర్చి ఏరనీకి పోతరు. డిగ్రీ చేసినంక మాకేమన్న నిద్ర ఎక్కువైతదా, నీ లెక్క?"

ఇదే మాట దీపికకు చెప్పాను. నిద్ర సంగతి మాత్రం వదిలేశాను.

"బిల్లులు ఏ టైములో చూసినా ఒకటే," అంది ఆమె మెల్లగా. "కానీ సారుకు స్లైడ్లు వద్దు. మనుషుల్ని చూపించండి."

శనివారం తెల్లవారుజామున దీపిక, పెద్దసారు ఖమ్మం బస్టాండులో నిలబడ్డారు. జూలూరుపాడు బస్సు ఆగింది. తలలు దువ్వుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆ చుట్టుపక్కల తండాల, ఊళ్ల గ్రాడ్యుయేట్లు ఒక్కొక్కరే దిగారు. సంగీత పెద్దసారుకు గుడ్ మార్నింగ్ చెప్పి, ఇంటర్వ్యూ అక్కడే మొదలుపెట్టేసింది.

ఇదంతా నాకు తర్వాత చెప్పారు. వాళ్లను తీసుకొచ్చిన నేను ఇంకా బస్సులోనే నిద్రపోతున్నాను.

"సార్, ఇది డిపోకు పోతది," అని కండక్టర్ కుదిపాడు. కిటికీ ఊచల ముద్ర చెంపన వేసుకుని, జుట్టు నిలబెట్టుకుని దిగాను. పెద్దసారు దీపికను అడిగారు. "ఈయనేనా దారి చూపించేది?"

దీపిక నవ్వింది. చున్నీ లేని పూర్తి ముఖంతో. నా నిద్ర అప్పుడు పోయింది.

జూన్‌లో బ్రాంచి తెరిచారు. షిఫ్టు పొద్దున ఏడు నుంచి మూడున్నర దాకా. సంగీత మొదటి వరుసలో కూర్చుంది, దీపిక బ్రాంచి మేనేజరైంది. ఆ సాయంత్రం వాన దంచికొట్టింది. మెట్ల కింద మేమిద్దరమే మిగిలాం. ఆమె భుజం సగం తడుస్తోంది, నాది సగం.

"దీపిక గారూ, ఒక మాట."

"స్లైడ్లు ఉన్నాయా?"

"లేవు. మీరంటే నాకిష్టం."

ఆమె చెయ్యి చాచి వాన పట్టింది. "ముందు లోపాలు చెప్పండి."

"పొద్దున లేవలేను. కాంట్రాక్టు ఉద్యోగం. తండా వాణ్ణి, మీ ఇంట్ల ఏమంటరో తెల్వదు."

"మంచివి?"

"ఆలోచిస్తున్న."

ఆమె చేతిలోని వాన నా ముఖాన చల్లింది. "మా నాన్న పొద్దున్నే పొలానికి పోతాడు. మాట్లాడాలంటే ఫస్ట్ ట్రైన్‌కి మధిర రావాలి. లేవగలరా?"

లేవలేదు. సంగీత ఫోన్ మీద ఫోన్ చేసి లేపింది.

వాళ్ల నాన్న చెంచురామయ్య గారు అరుగు మీద చెప్పులు వేసుకుంటూ కనిపించారు. నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఖమ్మానికి కంపెనీ తెచ్చింది నువ్వేనటగా బాబూ?"

అవునంటే సరిపోయేది. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు కూడా.

"కాదండి. ఆలోచన మా చెల్లెది. సారును ఒప్పించింది మీ అమ్మాయి. నేను బస్సుల నిద్రపోయిన."

ఆయన చెప్పులు విప్పేశారు. "అవునంటే ఇటునుంచి ఇటే పంపించెయ్యమంది మా అమ్మాయి," అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "మావాళ్లు నాలుగు మాటలంటారు. మీ తండాలోనూ అంటారేమో."

"అంటరండి."

"అననీ. అబద్ధమాడని అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు? లోపలికి రా, మా ఆవిడ టిఫిన్ చేస్తోంది."

గడప దాటాను. వంటింట్లో నిర్మలాదేవి గారు ఉప్మా తాలింపులో ఎండుమిర్చి వేశారు. ఘాటు నేరుగా నా ముక్కుకే వచ్చింది. కాబోయే అత్తగారికి నమస్కారం పెట్టబోయి తుమ్మాను. మళ్లీ తుమ్మాను.

దీపిక పక్కకు వచ్చి నిలబడి, చున్నీ అంచు నా చేతికిచ్చింది.

"దిస్ ఈజ్ చిల్లీ," అంది. "వెరీ ఫేమస్."